కమ్యూనిటీ కాలేజీలో నెట్‌వర్కింగ్ చదువు (డాలస్ చుట్టుపక్కల): ఫీజు, వీసా, ల్యాబ్, సీసీఎన్ఏ

వాణి_ఫ్రిస్కో
అందరికీ నమస్తే అండీ. ఉండేది ఫ్రిస్కోలో, వీసా హెచ్-4 (మావారి హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద వచ్చింది), చదివింది గుంటూరులో బీకాం. వచ్చే ఫాల్‌లో కమ్యూనిటీ కాలేజీలో నెట్‌వర్కింగ్ మొదలుపెడదామని ఉంది. మూడు విషయాలు తేలడం లేదు. సర్టిఫికెట్‌తో ఆగాలా, రెండేళ్ళ డిగ్రీ చెయ్యాలా? ఫీజు ఏ రేటున పడుతుంది? సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్) పాఠాలు వీడియోల్లో ఉచితంగా దొరుకుతుంటే కాలేజీకి డబ్బు కట్టి అదనంగా దక్కేదేంటి?

రాక్‌రూమ్_రమ
వాణి గారూ, ముందు ఫీజు సంగతి చూసుకోండి, అక్కడే చాలామంది ఎక్కువ కట్టేస్తారు. టెక్సాస్ కమ్యూనిటీ కాలేజీల్లో మూడు రేట్లుంటాయి. కాలేజీకి పన్ను కట్టే జిల్లాలో ఉండేవాళ్ళకు అన్నిటికన్నా తక్కువ, రాష్ట్రంలో మరో చోట ఉండేవాళ్ళకు కొంచెం ఎక్కువ, బయటి రాష్ట్రాల వాళ్ళకూ విదేశీ విద్యార్థులకూ ఇంకా ఎక్కువ. కాలిన్ కాలేజీకి జిల్లా అంటే కాలిన్ కౌంటీ. ఫ్రిస్కో ఊరేమో రెండు కౌంటీల్లో ఉంది, పడమటి భాగం డెంటన్ కౌంటీ కిందికి వస్తుంది. అడ్రసులో ఫ్రిస్కో అని ఉంటే సరిపోదు, మీ ఇల్లు ఏ కౌంటీలో ఉందో చూడండి. అర్వింగ్, కాపెల్ వైపు వాళ్ళకైతే డాలస్ కాలేజీ దగ్గర.

టెక్సాస్‌లో హెచ్-4 వాళ్ళు రెసిడెన్సీ అడగొచ్చు. సెన్సస్ డేట్ నాటికి (16 వారాల సెమిస్టర్‌లో 12వ క్లాసు రోజు) 12 నెలలుగా ఇక్కడే ఉన్నట్టు కాగితాలు చూపాలి: అద్దె ఒప్పందం, డ్రైవింగ్ లైసెన్సు, మీవారి పే స్లిప్పులు, ఐ-797 (వీసా స్టేటస్ ఆమోదపు నోటీసు). దరఖాస్తులో వీసా గడి నింపగానే కొన్నిచోట్ల సిస్టమ్ మిమ్మల్ని నేరుగా విదేశీ విద్యార్థి రేటులో పడేస్తుంది. కాగితాలు పట్టుకెళ్ళి మార్పించుకోవాలి. అదీ ఆ సెన్సస్ డేట్ లోపే. ఆ తేదీ దాటితే ఆ సెమిస్టర్‌కు పాత రేటే.

కోదాడ_కుర్రాడు
అక్కా, వీసా గురించి నేను చెప్త. హెచ్-4 మీద ఒక్క కోర్సు చదవొచ్చు, ఫుల్‌టైమ్ గూడ చదవొచ్చు, ఐ-20 (ఎఫ్-1 విద్యార్థి వీసాకు కాలేజీ ఇచ్చే కాగితం) అవసరం లేదు. పని మాత్రం చెయ్యొద్దు. క్యాంపస్‌ల ల్యాబ్ అసిస్టెంట్‌గ గంటకింత తీసుకున్నా అది పనే. మీవారికి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్) అప్రూవ్ అయ్యుంటే హెచ్-4 ఈఏడీకి (పని అనుమతి కార్డుకు) పెట్టుకోవచ్చు, అది చేతికి వచ్చినంకనే జీతం మాట.

ఇంకోటి, "ఎఫ్-1కు మారితే ఓపీటీ వస్తది కదా" అని కొందరు సలహా ఇస్తరు. వస్తది, చదువుకు సంబంధించిన పని చేసే అనుమతి, 12 నెలలు. కానీ ఎస్‌టీఈఎం (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కింద ఇచ్చే 24 నెలల పొడిగింపు బ్యాచిలర్స్, ఆ పైన డిగ్రీలకే. రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీకి అది లేదు. ఎఫ్-1 అయితే సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు తప్పనిసరి, అందుల ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే లెక్కకు వస్తది. నెట్‌వర్కింగ్ కోర్సులు చాలా కాలేజీలల్ల ఆన్‌లైన్‌లనే పెడ్తున్నరు. టైమ్‌టేబుల్ కుదరక ఇబ్బంది పడేది అక్కడనే.

ట్రంక్‌పోర్ట్
సర్టిఫికెట్టా, డిగ్రీనా అన్న ప్రశ్నకు నా సమాధానం. మీకు బీకాం ఉంది కాబట్టి ముందు లెవెల్ 1 సర్టిఫికెట్ తీసుకోండి. దానికి టీఎస్ఐ పరీక్ష (టెక్సాస్ కాలేజీల్లో చదవడం, రాయడం, లెక్కల సామర్థ్యం చూసేది) అక్కర్లేదు, ఇంగ్లీషు, గవర్నమెంట్ లాంటి కోర్సులూ ఉండవు. అసోసియేట్ డిగ్రీ సుమారు 60 క్రెడిట్లు, అందులో కనీసం 15 జనరల్ ఎడ్యుకేషన్. మీ బీకాం మార్కుల జాబితాలు డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థతో కోర్సువారీగా ఎవాల్యుయేషన్ చేయిస్తే వాటిలో కొన్ని మాఫీ కావచ్చు. ఎంత మాఫీ అన్నది కాలేజీ ఇష్టం. సర్టిఫికెట్‌లో చేసిన కోర్సులు తర్వాత ఏఏఎస్ (అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్) డిగ్రీలో కలుస్తాయో లేదో అడ్వైజర్ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఏఏఎస్ వేరు, ఏఎస్ (అసోసియేట్ ఆఫ్ సైన్స్) వేరు. ఏఏఎస్ నేరుగా ఉద్యోగానికి పనికొచ్చే డిగ్రీ. ఆ సాంకేతిక కోర్సుల్ని చాలా యూనివర్సిటీలు బ్యాచిలర్స్‌లో లెక్కలోకి తీసుకోవు. తర్వాత బ్యాచిలర్స్ చేసే ఆలోచన ఉన్నవాళ్ళు ఏ యూనివర్సిటీతో ఒప్పందం ఉందో ముందే చూసుకోవాలి.

టెక్సాస్‌లో సిస్కో కోర్సుల కోడ్ ఐటీసీసీతో మొదలవుతుంది. 1314, 1344, 2320 అనే మూడూ వరసగా సీసీఎన్ఏ 1, 2, 3. కోడ్‌లో మొదటి అంకె ఏడాదిని చెబుతుంది, రెండో అంకె క్రెడిట్లను. మొదటిదాన్ని దయచేసి 8 వారాల బ్యాచ్‌లో తీసుకోకండి. సీసీఎన్ఏ 1లో 17 మాడ్యూళ్ళున్నాయి. 16 వారాల్లోనే వారానికొకటి దాటుతుంది, 8 వారాల్లో అయితే వారానికి రెండు పైనే. 11వ మాడ్యూల్‌లో సబ్‌నెట్టింగ్ వస్తుంది, అంటే ఒక నెట్‌వర్క్‌ను చిన్న భాగాలుగా విడగొట్టే లెక్క. అది చేతికి అలవాటు కావడానికి రోజులు పడుతుంది, ఒక వారాంతంలో కుదరదు.

వాణి_ఫ్రిస్కో
ధన్యవాదాలు అండీ. ఇల్లు కాలిన్ కౌంటీలోనే ఉంది, చూసుకున్నాను. మరి మూడో ప్రశ్న? ప్యాకెట్ ట్రేసర్ (సిస్కో సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్) ఇంట్లో ఉంటే ల్యాబ్‌కు ఎందుకు వెళ్ళాలి?

ట్రంక్‌పోర్ట్
ఈ ప్రశ్నకు కొంచెం పొడుగ్గా చెబుతాను, ఏమనుకోవద్దు. కట్టే డబ్బంతా ఇక్కడే గిట్టుబాటవుతుంది.

ప్యాకెట్ ట్రేసర్‌లో కన్సోల్ కేబుల్ (పరికరాన్ని నేరుగా ల్యాప్‌టాప్‌కు కలిపేది) అంటే ఒక నీలి గీత, గీస్తే పని చేస్తుంది. ల్యాబ్‌లో ఆ లేత నీలం రంగు కేబుల్‌కు ఒకవైపు ఆర్‌జే-45, ఇంకోవైపు 9 పిన్నుల డీబీ-9. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు డీబీ-9 ఉండదు, యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ కావాలి. పుట్టీ (టెర్మినల్ సాఫ్ట్‌వేర్) తెరిచి 9600 బాడ్ (వేగం), 8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్, ఫ్లో కంట్రోల్ లేదు (None) అని పెట్టాలి. ఇది చదివినప్పుడు ఏమంత అనిపించదు. తెర మీద పిచ్చి అక్షరాలు వస్తే బాడ్ రేటు తప్పు. అసలేమీ రాకపోతే కామ్ పోర్టు నంబరు తప్పు, లేదా అడాప్టర్ డ్రైవర్ లేదు, డివైస్ మేనేజర్‌లో చూడాలి. బూట్ మెసేజీలు కనబడుతున్నా మీరు టైప్ చేసింది లోపలికి వెళ్ళడం లేదంటే ఫ్లో కంట్రోల్ తప్పు. ఈ మూడింటినీ వేరు చేసి చెప్పగలిగితే ఉద్యోగంలో మొదటి వారం గట్టెక్కినట్టే.

రెండోది, మీ ముందు బ్యాచ్ వాళ్ళు వదిలేసిన పరికరం. ఇరేజ్ స్టార్టప్-కాన్ఫిగ్ (సేవ్ చేసిన సెట్టింగులు చెరిపే కమాండ్) కొట్టి రీలోడ్ చేస్తారు, హోస్ట్‌నేమ్ పోతుంది, పాస్‌వర్డ్ పోతుంది, పాత వీలాన్లు (స్విచ్‌ను విడగొట్టిన వేర్వేరు వర్చువల్ నెట్‌వర్క్‌లు) మాత్రం అలాగే ఉంటాయి. ఎందుకంటే అవి స్టార్టప్ కాన్ఫిగ్‌లో లేవు, ఫ్లాష్‌లో vlan.dat అనే వేరే ఫైల్లో ఉన్నాయి. దాన్ని డిలీట్ చేసి, ఆ తర్వాత రీలోడ్ చెయ్యాలి. డిలీట్ చేసేటప్పుడు అడిగే ఫైల్ పేరు దగ్గర ఎంటర్ మాత్రమే నొక్కండి. అక్కడ ఇంకేదైనా టైప్ చేస్తే వేరే ఫైలు పోవచ్చు, ఐఓఎస్ ఇమేజ్ (స్విచ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైలు) పేరు పడిందంటే స్విచ్ బూట్ కాదు.

మూడోది, పాస్‌వర్డ్ తెలియని రౌటర్. 1941, 2901 లాంటి వాటికి: కన్సోల్ పెట్టి పవర్ తీసి వెయ్యాలి, నిమిషం లోపు బ్రేక్ సిగ్నల్ పంపాలి, రామ్‌మాన్ (ఐఓఎస్ లోడ్ కాకముందు వచ్చే రికవరీ మోడ్) ప్రాంప్ట్ వస్తుంది. కాన్ఫ్‌రెగ్ (బూట్ పద్ధతిని నిర్ణయించే రిజిస్టర్) విలువను 2142 (హెక్సాలో) చేసి రీసెట్. రౌటర్ పాత కాన్ఫిగ్‌ను పక్కనపెట్టి లేస్తుంది. అప్పుడు ఎనేబుల్‌లోకి వెళ్ళి స్టార్టప్‌ను (సేవ్ చేసి ఉన్న సెట్టింగులు) రన్నింగ్‌లోకి (ఇప్పుడు నడుస్తున్నవి) కాపీ చెయ్యాలి. రన్నింగ్‌ను స్టార్టప్‌లోకి కాపీ చేశారా, ఖాళీ కాన్ఫిగ్ పాతదాని మీద పడి అంతా పోతుంది. తర్వాత కొత్త సీక్రెట్ పెట్టి, రిజిస్టర్‌ను తిరిగి 2102కు మార్చి, సేవ్. ఇంత చేశాక కూడా పోర్టులన్నీ డౌన్‌లో ఉన్నాయని చాలామంది కంగారు పడతారు. ఖాళీగా లేచిన రౌటర్ పోర్టులు షట్‌డౌన్‌లో ఉంటాయి, పాత కాన్ఫిగ్‌లో నో షట్‌డౌన్ అనే లైను రాసి ఉండదు, కాబట్టి కాపీ చేసినా అవి లేవవు. ఒక్కొక్క ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్ళి నో షట్ కొట్టాలి.

2960 స్విచ్‌కు పద్ధతి వేరు. ముందు వైపున్న మోడ్ బటన్ నొక్కిపట్టి పవర్ ఇవ్వాలి, ఫ్లాష్‌ను ఇనిషియలైజ్ చేసి కాన్ఫిగ్ ఫైలు పేరు మార్చి బూట్ చెయ్యాలి. ఫైలు పేరు మార్చడమే, చెరపడం కాదు, పాత సెట్టింగులు మళ్ళీ కావాలి కదా.

రాక్‌రూమ్_రమ
దానికి నేను కేబుల్ కూడా కలుపుతాను. క్రింపింగ్ (కేబుల్ చివర కనెక్టర్ బిగించే) ల్యాబ్‌ను చులకనగా చూస్తారు చాలామంది. టీ568బీ వరస నోటికి రావాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత మధ్యలో నీలం జత దూరి ఉండడం గమనించారా? తప్పు జరిగేది అక్కడే. కొందరు జతలన్నీ పక్కపక్కనే పెట్టి రెండు చివరలా అదే వరస వేస్తారు. చవక టెస్టర్‌లో 8 లైట్లూ వరసగా వెలుగుతాయి, ఎందుకంటే అది ఏ పిన్ను నుంచి ఏ పిన్నుకు తీగ వెళ్ళిందో మాత్రమే చూస్తుంది. కానీ 3, 6 పిన్నులకు వేర్వేరు జతల తీగలు పడ్డాయి. మెలిక వల్ల వచ్చే రక్షణ పోయి క్రాస్‌టాక్ (ఒక జత సిగ్నల్ ఇంకో జతలోకి దూరడం) పెరుగుతుంది. లింకు లేస్తుంది, ఫైలు కాపీ మాత్రం నత్తనడక. షో ఇంటర్‌ఫేసెస్‌లో సీఆర్‌సీ (పాడైన ఫ్రేమ్‌ల) లెక్క పెరుగుతూ పోతుంటే ముందు కేబుల్‌నే అనుమానించండి.

మెలికను కనెక్టర్ దగ్గర 13 మి.మీ.కు మించి విప్పొద్దు. పై తొడుగు కనెక్టర్ లోపలికి వెళ్ళి, ఆ ప్లాస్టిక్ నొక్కు దాని మీద పడాలి, లేకపోతే రెండుసార్లు లాగితే ఊడి వస్తుంది. సాలిడ్ తీగకు ఒక రకం కనెక్టర్, స్ట్రాండెడ్‌కు ఇంకో రకం. సీసీఏ అని రాసిన కేబుల్ ధర చూసి కొనకండి, అది రాగి పూత వేసిన అల్యూమినియం. నిరోధం ఎక్కువ, పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోంచే వచ్చే కరెంటు) మీద నడిచే కెమెరాలకు దూరం పెరిగే కొద్దీ కరెంటు చాలదు, వేడెక్కుతుంది కూడా. ఇక 100 మీటర్ల హద్దు అంటే గోడలో 90, రెండు చివర్ల ప్యాచ్ కేబుళ్ళు కలిపి 10.

కోదాడ_కుర్రాడు
పరీక్షల ముచ్చట గూడ చెప్పుకుందాం. సీసీఎన్ఏ 200-301, 120 నిమిషాలు, ఫీజు 300 డాలర్లు. కాంప్‌టియా సంస్థది నెట్‌వర్క్ ప్లస్ ఎన్10-009, 90 నిమిషాలు, ఎక్కువల ఎక్కువ 90 ప్రశ్నలు, 900కు 720 వస్తే పాస్. రెండూ మూడేండ్లే చెల్లుతయి. నా లెక్క ప్రకారం రెండూ రాసుడు దండుగ. నేరుగ సీసీఎన్ఏకు పోవాలె.

రాక్‌రూమ్_రమ
అంత ఖచ్చితంగా అనొద్దు తమ్ముడూ. ప్రభుత్వ కాంట్రాక్టుల ఉద్యోగాల్లో కాంప్‌టియా పేర్లు అడుగుతారు, కాకపోతే అక్కడ ఎక్కువగా చూసేది సెక్యూరిటీ ప్లస్, పైగా అందులో చాలావాటికి పౌరసత్వం కావాలి. హెచ్-4 మీద ఉన్న వాణి గారికి ఆ దారి ఎటూ లేదు, కాబట్టి ఆవిడ వరకు నువ్వన్నదే సరి. అసలేమీ తెలియకుండా మొదలుపెట్టి హెల్ప్‌డెస్క్‌తో సరిపెట్టుకునేవాళ్ళకు మాత్రం నెట్‌వర్క్ ప్లస్ పనికొస్తుంది.

ట్రంక్‌పోర్ట్
ఒప్పుకుంటాను. సీసీఎన్ఏలో ఐపీ కనెక్టివిటీకి 25 శాతం, ఫండమెంటల్స్‌కు 20, నెట్‌వర్క్ యాక్సెస్‌కు 20. అంటే సబ్‌నెట్టింగ్, వీలాన్లు, ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులు తెలుసుకునే ప్రోటోకాల్) లాంటివి ఉండే ఈ మూడు భాగాలు గట్టిగా వస్తే దాదాపు మూడింట రెండొంతులు మీ చేతిలో ఉన్నట్టు. ఇంకో మాట: దాటిన ప్రశ్నకు వెనక్కి వెళ్ళనివ్వరు. క్లాసు పరీక్షల్లో గుర్తుపెట్టి తర్వాత చూద్దామనే అలవాటు ఉంటే ఇప్పుడే మానండి. లీకైన ప్రశ్నల ఫైళ్ళ జోలికి అసలు పోవద్దు. దొరికితే సర్టిఫికేషన్ రద్దు చేస్తారు, దొరక్కపోయినా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.

సబ్‌నెట్_శాస్త్రి
సబ్‌నెట్టింగ్ మాట వచ్చింది కాబట్టి. బైనరీ ఒకసారి అర్థం చేసుకోండి, తర్వాత లెక్క బ్లాకులతో చెయ్యండి. 172.16.37.150/27 ఏ నెట్‌వర్క్‌లో ఉంది? /27 అంటే మాస్క్ (అడ్రసులో నెట్‌వర్క్ భాగం ఎంతో చెప్పే సంఖ్య) చివర 224, 256లోంచి తీస్తే 32. 32 ఎక్కం: 0, 32, 64, 96, 128, 160. 150 అన్నది 128కీ 160కీ మధ్య. నెట్‌వర్క్ 128, బ్రాడ్‌కాస్ట్ 159, వాడుకునేవి 129 నుంచి 158 దాకా 30. కాగితం లేకుండా 20 సెకన్లలో రావాలి.

వీఎల్ఎస్ఎంలో (ఒకే నెట్‌వర్క్‌ను వేర్వేరు సైజుల సబ్‌నెట్‌లుగా పంచడం) పెద్ద అవసరం ముందు. 192.168.10.0/24ను 100, 50, 25 మందికీ, ఒక రౌటర్ లింకుకూ పంచాలంటే: /25 (0 నుంచి 127), /26 (128 నుంచి 191), /27 (192 నుంచి 223), /30 (224 నుంచి 227). చిన్నదానితో మొదలుపెట్టారంటే /25కు చోటు మధ్యలో పడి సరిహద్దు కుదరకపోవచ్చు. /25 మొదలయ్యేది 0 దగ్గర, లేదా 128 దగ్గర, అంతే.

ఓఎస్‌పీఎఫ్‌లో వైల్డ్‌కార్డ్ (తలకిందులు మాస్క్) రాసేటప్పుడు కూడా ఇదే లెక్క: 255లోంచి మాస్క్ తీసెయ్యడమే, /27కు 0.0.0.31.

లౌడన్_వాసి
ఉత్తర వర్జీనియాలో ఉండేవాళ్ళకు ఒక మాట. లౌడన్ కౌంటీలో డేటా సెంటర్లు చాలా ఎక్కువ, నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీలో డేటా సెంటర్ ఆపరేషన్స్ కోర్సులే విడిగా ఉన్నాయి. అక్కడ టెక్నీషియన్ పనికి రౌటింగ్ కన్నా ముందు ఫైబర్ తెలియాలి. పసుపు తొడుగు సాధారణంగా సింగిల్‌మోడ్, లేత నీలి-ఆకుపచ్చ ఓఎం3 మల్టీమోడ్, వాటి ఎస్‌ఎఫ్‌పీలు (పోర్టులో పెట్టే ఫైబర్ మాడ్యూళ్ళు) కలవవు. ఎల్‌సీ (చిన్న ఫైబర్) కనెక్టర్‌ను ప్రతిసారీ స్కోపుతో చూసి, తుడిచి, మళ్ళీ చూసి పెట్టాలి. కొత్తగా సంచిలోంచి తీసినదైనా సరే. లింకు రాకపోతే ముందు రెండు తీగల స్థానం మార్చి చూడండి, ట్రాన్స్‌మిట్‌కు ఎదురుగా రిసీవ్ ఉండాలి. చివరను కంటితో చూడడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఆ లేజర్ కంటికి కనబడదు, కన్ను మాత్రం పాడవుతుంది.

వాణి_ఫ్రిస్కో
(రెండో కోర్సు నుంచి) మళ్ళీ ఈ థ్రెడ్‌లోకే వచ్చాను, సాయం చెయ్యండి. ఆర్1 రౌటర్ ఎస్‌డబ్ల్యూ1 స్విచ్‌కు, ఎస్‌డబ్ల్యూ1 నుంచి ట్రంక్ (అనేక వీలాన్లను మోసే లింకు) ఎస్‌డబ్ల్యూ2 స్విచ్‌కు. పీసీలన్నీ ఎస్‌డబ్ల్యూ2 మీద. వీలాన్ 10, 20 బాగానే నడిచాయి. ఎస్‌డబ్ల్యూ2లో వీలాన్ 30 సృష్టించి, ట్రంక్ పోర్టులో "స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 30" ఇచ్చాను. ఇప్పుడు 10, 20 గేట్‌వేకి పింగ్ పోవడం లేదు, 30 కూడా రావడం లేదు. రౌటర్‌లో 30కి సబ్ఇంటర్‌ఫేస్ (ఒకే పోర్టులో వీలాన్‌కొక విభాగం) ఉంది, ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ 30 (ఫ్రేమ్‌కు వీలాన్ నంబరు ట్యాగ్) ఇచ్చాకే ఐపీ పెట్టాను.

ట్రంక్‌పోర్ట్
వాణి గారూ, తప్పులు రెండు, విడివిడిగా చూద్దాం. రెండు స్విచ్‌ల మీదా "షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్" కొట్టి ఇక్కడ పెట్టండి. నాలుగు భాగాలుగా వస్తుంది. మొదటిది పోర్టు ట్రంక్ అయిందా, నేటివ్ వీలాన్ (ట్యాగ్ లేకుండా వెళ్ళేది) ఏది. రెండోది ఏ వీలాన్లకు అనుమతి. మూడోది అనుమతి ఉండి, స్విచ్‌లో నిజంగా ఉన్నవి. నాలుగోది స్పానింగ్ ట్రీ (లూపులు రాకుండా చూసే ప్రోటోకాల్) దాటనిస్తున్నవి. పైనుంచి కిందికి చదువుతూ, మీ వీలాన్ ఏ భాగంలో మాయమైందో చూస్తే జబ్బు అక్కడే ఉంటుంది.

వాణి_ఫ్రిస్కో
ఎస్‌డబ్ల్యూ2లో రెండో భాగం: 30 మాత్రమే. ఎస్‌డబ్ల్యూ1లో రెండో భాగం: 1-4094. మూడో భాగం: 1, 10, 20.

ట్రంక్‌పోర్ట్
అదే. ఎస్‌డబ్ల్యూ2లో మీరిచ్చిన కమాండ్ పాత జాబితాకు 30ని కలపలేదు, పాతదంతా కొట్టేసి 30 ఒక్కటే ఉంచింది. కలపాలంటే మధ్యలో "యాడ్" ఉండాలి. ఇప్పుడు "అలౌడ్ వీలాన్ యాడ్ 10,20" ఇవ్వండి.

ఎస్‌డబ్ల్యూ1లో అనుమతి అన్నిటికీ ఉంది, కానీ వీలాన్ 30 అక్కడ పుట్టనేలేదు. ఆ స్విచ్‌కు 30లో ఒక్క పీసీ తగిలించకపోయినా, ఫ్రేమ్ దాని మీదుగా పోవాలంటే దాని వీలాన్ పట్టికలో 30 ఉండి తీరాలి. గ్లోబల్ కాన్ఫిగ్‌లో "వీలాన్ 30" కొట్టి పేరు పెట్టి బయటికి రండి.

రాక్‌రూమ్_రమ
ఆ యాడ్ మరిచిపోవడం ఉద్యోగంలో చాలా ఖరీదైన తప్పు. దూరంలో ఉన్న స్విచ్‌కు ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్ళి అదే కమాండ్ ఇస్తే మేనేజ్‌మెంట్ వీలాన్ కూడా తెగిపోతుంది, మీ సెషన్ అక్కడే ఆగిపోతుంది, ఎవరో ఒకరు కారేసుకుని వెళ్ళి కన్సోల్ పెట్టాలి. అందుకే ట్రంక్ ముట్టుకునే ముందు ఉన్న కాన్ఫిగ్‌ను సేవ్ చేసి, "రీలోడ్ ఇన్ 10" పెట్టండి. మార్పు బెడిసికొడితే పది నిమిషాల్లో స్విచ్ తనంతట తానే రీబూటై పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. బాగా నడిస్తే "రీలోడ్ క్యాన్సిల్", ఆ తర్వాతే సేవ్. క్యాన్సిల్ మరిచిపోతే నడుస్తున్న స్విచ్ పట్టపగలు రీబూటవుతుంది, ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

వాణి_ఫ్రిస్కో
రెండూ చేశాను, మూడు వీలాన్లూ వచ్చాయి. చాలా చాలా ధన్యవాదాలు. ఒక్క అనుమానం మిగిలింది. రౌటర్ నుంచి వీలాన్ 30 పీసీకి మొదటిసారి పింగ్ చేస్తే ముందు ఒక చుక్క, తర్వాత నాలుగు ఆశ్చర్యార్థకాలు వచ్చాయి, 80 శాతం అంది. ఇంకా ఏదైనా తప్పుందా?

సబ్‌నెట్_శాస్త్రి
తప్పేమీ లేదమ్మా. రౌటర్‌కు ఆ పీసీ ఐపీ తెలుసు, మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్ కార్డు అడ్రసు) ఇంకా తెలియదు. ముందు ఏఆర్‌పీతో అడగాలి, జవాబు వచ్చేలోగా మొదటి ప్యాకెట్ పోయింది. ఆ చుక్క అదే. ఇప్పుడు "షో ఐపీ ఏఆర్‌పీ" కొడితే పీసీ మ్యాక్ కనబడుతుంది. మళ్ళీ పింగ్ చెయ్యండి, ఐదుకు ఐదూ వస్తాయి.